పన్నెండు గామాల తేడా

మా పరిశీలన గదిలో ఇనుప మేకు ఒక్కటి కూడా లేదు. గోడలు రాయి, సున్నం. తలుపులు టేకు. మేకులు రాగివి, బందులు ఇత్తడివి. ఐరాల దాటి, శనగచేల మధ్య మట్టిదారిన మూడు మైళ్లు నడిస్తే వచ్చే గుట్ట మీద, భూమి అయస్కాంత బలాన్ని రోజూ కొలవడానికి కట్టిన గది అది. అందులో నేను పదిహేనేళ్లు పనిచేశాను. ఇలాంటి కేంద్రాల్లో ఇప్పుడు చేరుతున్న పిల్లలకు ఆ పని నిజంగా ఎలా ఉంటుందో చెప్పాలని ఇది రాస్తున్నాను. పదోన్నతుల సంగతి, ఫైళ్ల సంగతి వదిలేస్తున్నాను. నేను చేసిన ఒక తప్పును మాత్రం వదలడం లేదు. దాన్ని వదిలేస్తే ఇది రాయడమే అనవసరం.

ఇనుముకు దూరం

మా గుట్ట మీద భూమి అయస్కాంత బలం నలభై వేల గామాల పైచిలుకు. గామా అనేది మా పాతకాలపు కొలత. సూర్యుడి మీద తుఫాను రేగితే ఆ అంకె వందల్లో ఊగుతుంది. భూగర్భంలో కరిగిన ఇనుము మెల్లగా కదిలితే ఏడాదికి కొన్ని పదులు మారుతుంది. ఆ చిన్న మార్పును పట్టుకోవడమే మా పని. దగ్గరలో రైలుపట్టా ఉండకూడదు, మోటారు ఉండకూడదు, ట్రాక్టరు తిరగకూడదు. మనుషులున్న చోటల్లా ఇనుము ఉంటుంది. కాబట్టి ఇనుముకు దూరంగా ఉండే ఉద్యోగమంటే మనుషులకు దూరంగా ఉండే ఉద్యోగమే. చేరేటప్పుడు ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను.

గదికి నలభై అడుగుల దూరంలో ఒక చెక్కపెట్టె ఉండేది. తాళాలు, వాచీ, బెల్టు, కలం, కళ్లద్దాలు అన్నీ అందులో పెట్టి, చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. ఈ నియమాన్ని కాపాడినవాడు నేను కాదు, యేసురత్నం. ఆ గది కట్టిన మేస్త్రీ అతనే. కట్టడం అయ్యాక రోజుకూలి మీద ఉండిపోయి, పరికరం చూడటం నేర్చుకున్నాడు. నాకంటే ఆరేళ్లు పెద్ద. చదువు ఎనిమిదో తరగతి. పరికరానికున్న చిన్న టెలిస్కోపులో గీతల మధ్య వెంట్రుక వాసిలో ఉన్న అంకెను నేను మూడుసార్లు చూసి రాస్తే, అతను ఒక్కసారి చూసి చెప్పేవాడు.

ఒకసారి ఒక పెద్ద అధికారి గుట్ట చూడటానికి వచ్చాడు. ఆయన వెంట వచ్చిన గన్‌మ్యాన్ తుపాకి పెట్టెలో పెట్టనని మొండికేశాడు.

"తుపాకి లేకపోతే నేనెవర్నప్పా?" అన్నాడు.

"లోపలికి పోతే మేమందరమూ అంతే లేప్పా," అన్నాడు యేసురత్నం. "ఈడ పెట్టేసి రా. నువ్వెవరో బయటికొచ్చినంక తెలుసుకుందువు."

గంట

గదిలో తీసే కొలతకు కాలం సెకనుతో సహా కావాలి. పక్కన నేలమాళిగలో ఇంకో పరికరం రాత్రింబవళ్లు కాగితం మీద గీత గీస్తూ ఉంటుంది. ఆ గీత ఎంత ఎక్కిందో, ఎంత దిగిందో చెబుతుంది కానీ, ఎక్కడి నుంచి అన్నది చెప్పదు. అది చెప్పేది మేము చేత్తో తీసిన కొలత. దాన్ని బేస్‌లైన్ అంటాం. కాలం తప్పితే బేస్‌లైన్ తప్పుతుంది. అయితే వాచీ ఇనుము, రేడియోలో అయస్కాంతం. అందుకని రెండూ దూరంగా ఆఫీసు గదిలో ఉండేవి. షార్ట్‌వేవ్‌లో కాలం చెప్పే స్టేషను నుంచి సెకనుకో టిక్కు వస్తుంటే, ఒకడు అక్కడ కూర్చుని నిమిషం నిండగానే కంచుగంట మీద కొయ్యసుత్తితో కొట్టేవాడు. ఇంకొకడు లోపల ఆ క్షణాన అంకె చదివేవాడు. సోమ, బుధ, శుక్రవారాలు నావి. మంగళ, గురు, శనివారాలు అతనివి. ఒకరు చదివితే ఇంకొకరు గంట.

ఏళ్ల తరబడి మా ఇద్దరి మధ్య జరిగిన మాటల్లో సగం ఆ గంటే. బయట ఎవరో ఒకరు నా కోసం నిమిషం లెక్కపెడుతున్నారన్న నమ్మకం చిన్నది కాదని, అది పోయాక తెలిసింది.

1999 జనవరి ఒకటి ఉదయం బాగా గుర్తుంది. భూమి తిరుగుడు కచ్చితం కాదు. అణు గడియారాలతో పోలిస్తే అది కొంచెం వెనకబడుతుంది. తేడా పెరిగినప్పుడు ప్రపంచమంతా గడియారాలకు ఒక సెకను కలుపుతారు. ఆ రోజు మన దేశంలో ఉదయం ఐదు ఇరవైతొమ్మిది నిమిషాల తర్వాత అరవై సెకన్లు కాదు, అరవై ఒక్కటి. యేసురత్నం చర్చిలో రాత్రి ప్రార్థన ముగించుకుని, తెల్లచొక్కాతోనే సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"వినాల్సిందే సార్," అన్నాడు. "మనకు దేవుడు ఉత్తపుణ్యానికి ఇచ్చేది ఒక సెకను. దాన్ని నిద్రలో పోగొట్టుకుంటామా?"

ఇద్దరం రేడియో ముందు వంగి కూర్చున్నాం. ఆ ఎక్కువ టిక్కు విని అతను చిన్నపిల్లాడిలా నవ్వాడు. "సూసినారా! యాడి నుంచో వచ్చె!"

మేము కలిసి నవ్విన చివరి రోజులు అవి.

ఉంగరం

నా భార్య సుశీల తిరుపతిలో ఉండేది. మాకు పిల్లలు లేరు. 1998లో ఆమె మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాలి. నేను ఆదివారాలు మాత్రమే వెళ్లగలిగేవాణ్ణి. ఇంకో ఊరికి బదిలీ అడిగి ఉండొచ్చు. అడగలేదు. కేంద్రం ఆగిపోతుందనుకున్నాను. నేను లేకపోతే ఏదో ఆగిపోతుందనుకునే జబ్బు మా ఉద్యోగంలో చాలామందికి ఉంటుంది.

మా అమ్మ తిరుచానూరులో అమ్మవారి గుడి దగ్గర పూలు కట్టి అమ్మి నన్ను ఎమ్మెస్సీ చదివించింది. ఆమె ఎవరినో అడిగి, నాకు ఏలిన్నాటి శని పట్టిందని తేల్చుకుంది. ఒక శనివారం తనే ఐరాల దాకా వచ్చి నా చేతిలో నల్లటి ఉంగరం పెట్టింది.

"నల్లగుర్రం నాడా నాయనా. జట్కాబండి సాయిబు కాళ్లావేళ్లా పడి తెచ్చి చేయించినాను. ఏడున్నరేండ్లు ఒంటి మీద నుంచి తీయద్దు. తీసినావంటే ఆ పిల్లకే ముప్పు."

"అమ్మా, నా ఉద్యోగమే ఇనుముకు దూరంగా ఉండాల్సింది."

"అట్లయితే ఆ ఉద్యోగాన్ని నా దగ్గరికి రమ్మను. నేను మాట్లాడతా."

నేను నమ్మానా? నమ్మలేదు. పారేయగలిగానా? అదీ లేదు. వేలికి పెట్టుకోవడం సిగ్గు. రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, గదికి వెళ్లే ముందు చెక్కపెట్టెలో వదిలేసేవాణ్ణి. కొన్ని నెలలు అలా గడిచాయి. ఒక బుధవారం నేను లోపల ఉండగా ఆఫీసులో ఫోను మోగింది. సుశీల స్పృహ తప్పి పడిపోయిందని. బయటికి పరుగెత్తుకొచ్చి పెట్టె తెరిస్తే, రుమాల్లో ఉంగరం.

ఆ మర్నాటి నుంచి దాన్ని మొలతాడుకు కట్టుకున్నాను. మళ్లీ తీయలేదు.

ఒక చిన్న ఉంగరం పరికరాన్ని ఎంత కదిలిస్తుందో కొలవడానికి నాకు పది నిమిషాలు పట్టేది. కొలవలేదు. కొలిస్తే తెలుస్తుంది, తెలిస్తే తీయాలి. తెలియకుండా ఉండటానికి నేను కష్టపడ్డానని ఇప్పుడు రాయగలను. అప్పుడు మాత్రం, "ఇంత చిన్నదానికేముంది" అని నాకు నేనే చెప్పుకున్నాను. శాస్త్రం చదివినవాడు చెప్పుకోగల అబద్ధాల్లో అది చాలా పాతది.

పెద్దాయన వచ్చిన రోజు

కొన్ని నెలలకు పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీ కేంద్రంలో ఇద్దరు పరిశీలకుల బేస్‌లైన్‌లు పన్నెండు గామాల తేడాతో రెండు గీతలుగా విడిపోతున్నాయి, కారణం తెలపండి అని.

యేసురత్నం ఉత్తరం విని అన్నాడు: "సార్, మనిద్దరమూ ఒకరి గుడ్డలు ఒకరం వెదుక్కుందామా? ఏదన్నా గుండుసూది తగులుకోనుంటాది."

"నన్ను వెదుకుతావా నువ్వు?" అన్నాను.

అతను గంట దగ్గరికి వెళ్లిపోయాడు. నిజానికి నాకు కోపం రాలేదు, భయమేసింది. మా ఉద్యోగంలో పైవాడి భయం కిందివాడికి కోపంలాగే వినిపిస్తుంది.

తర్వాతి నెల పై ఆఫీసు పెద్దాయనే వచ్చాడు. రేణిగుంటలో రైలు దిగి, జీపును మైలు దూరంలో ఆపించి నడిచి వచ్చాడు. పని తెలిసిన మనిషి. కానీ అంకెలను అనుమానించినంతగా డిగ్రీలను అనుమానించేవాడు కాదు.

"ఇద్దరిలో ఒకరి ఒంటి మీద ఇనుముంది. లేదా ఒకరికి కళ్లు కనబడటం లేదు," అన్నాడు. యేసురత్నం వైపు తిరిగి, "ఏదీ, విప్పవయ్యా," అన్నాడు.

గది ముందు ఎండలో యేసురత్నం చొక్కా విప్పాడు. పంచె విప్పాడు. మెడలో నల్లదారానికి ఉన్న సిలువను తీసి ఇచ్చాడు. పెద్దాయన ఒక్కొక్కదాన్నీ దిక్సూచి ముల్లు దగ్గరికి తెచ్చి చూశాడు. ముల్లు కదల్లేదు. నిక్కరుతో నిలబడిన యాభై ఏళ్ల మనిషి మొలతాడు పట్టి లాగి చూశాడు. ఉత్త దారం.

తర్వాత నావైపు తిరిగాడు. నా చెయ్యి దానంతట అదే నడుం దగ్గరికి పోయింది.

"మీరెందుకులెండి," అన్నాడు నవ్వుతూ. "మీకు నేను చెప్పాలా?"

నేను మూడు గజాల దూరంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆ మాట నోట్లోనే ఉంది.

యేసురత్నం పంచె చుట్టుకుంటూ అన్నాడు: "కాణిపాకం ఈడ్నే ఉండాది సార్. నేను ఏసుప్రభువును నమ్ముకున్నోణ్ణి. అయినా ఆ వినాయకుని ముందర తడిగుడ్డలతో ప్రమాణం చేస్తా, నా కొలత తప్పు కాదని. మా సారూ వచ్చి చేస్తాడు. అడగండి."

"ఇది పంచాయితీ కాదయ్యా," అని పెద్దాయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది.

మధ్యాహ్నం పెద్దాయన నివేదిక రాశాడు. వయసు మీద పడి చూపు మందగించింది, చదువు లేనివాడు, ఇతని కొలతలు నమ్మదగినవి కావు అని. రిజిస్టరులో యేసురత్నం అంకెలన్నిటి మీదా ఎర్రసిరా గీత పడింది. గీసింది నా చెయ్యే, ఆయన చెప్పగా. అతని ఉద్యోగం ఖాయం చేసే కాగితం అప్పటికి పన్నెండేళ్లుగా నడుస్తోంది. ఆ నెలలోనే సంతకం కావాల్సింది. అది వెనక్కి వచ్చింది. ఆ పై నెల కూలికి కూడా వద్దన్నారు.

వెళ్లే రోజు అతను కొయ్యసుత్తిని నా బల్ల మీద పెట్టాడు. "గంట కొట్టేదానికి ఎవర్నన్నా చూసుకోండి సార్," అన్నాడు. అంతే.

ఎవరూ రాలేదు. కొన్నాళ్లకు ఉపగ్రహాల నుంచి కాలం అందుకునే గడియారం ఇచ్చారు. దానికి తగిలించిన బజరు నిమిషానికోసారి దానంతట అదే మోగేది. ఒక్క సెకను తప్పేది కాదు. ఆదివారాలు తిరుపతికి పోయే బస్సు కాణిపాకం మలుపు దగ్గర ఆగేది. దిగేవాళ్లు దిగుతుంటే నేను అటువైపు కిటికీలోంచి చూడటం మానేశాను.

కుదుపు

సుశీల 2001 ఆగస్టులో పోయింది. పదకొండో రోజు అమ్మే నా మొలతాడు తెంచి ఉంగరం తీసేసింది. "ఇంకెందుకు నాయనా," అంది.

గుట్టకు తిరిగి వచ్చి మొదటి కొలత తీశాను. బేస్‌లైన్ పన్నెండు గామాలు జరిగింది. మూడుసార్లు లెక్క వేశాను. పాత రిజిస్టరు తీసి ఎర్రగీతల కింద వెతికాను. యేసురత్నం అంకెల గీతను పొడిగిస్తే సరిగ్గా నా కొత్త అంకె దగ్గరికే వచ్చింది. ఏడాదిన్నర ముందే అతను సరిగ్గా చెప్పిన మాట అది.

అప్పుడైనా చెప్పి ఉండాలి. నేను రిజిస్టరులో ఇలా రాశాను: "పరికరం ఉన్న స్తంభం మట్టం సరిచేయడమైనది." స్తంభాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మొదటి తప్పును భయంలో చేశాను. రెండోది తీరిగ్గా, మంచి దస్తూరితో చేశాను. ఈ రెంటికీ ఒకే శిక్ష వేయకూడదని నా అభిప్రాయం.

2005లో ఒక పరిశోధక విద్యార్థిని నుంచి ఉత్తరం వచ్చింది. 1999 తర్వాత గడియారాలకు సెకను కలపాల్సిన అవసరం చాలా ఏళ్లు రాలేదు. అంటే భూమి కొంచెం వేగంగా తిరిగింది. భూగర్భంలోని ఇనుము కదలికకు దీనితో సంబంధం ఉందా అని ఆమె వెతుకుతోంది. మా కేంద్రం అంకెల్లో 2001 ఆగస్టు దగ్గర ఒక కుదుపు కనబడిందట. వేరే ఏ కేంద్రంలోనూ అంత స్పష్టంగా లేదట. ఎనిమిది నెలలుగా దాని మీదే పనిచేస్తున్నానని, ఆ రోజుల్లో మీరు గమనించినదేమైనా ఉంటే దయచేసి రాయమని అడిగింది. ఉత్తరం నిండా సంతోషం.

భూగర్భంలో ఆమె వెతుకుతున్న ఇనుము నా మొలలో ఉండింది.

ఆ ఉత్తరాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకున్నాను. మూడో రోజు ఆమెకూ పై ఆఫీసుకూ జరిగింది జరిగినట్టు రాశాను. మొదట ఆమె కోసమే రాశాను, యేసురత్నం కోసం కాదు. ఇది కూడా దాచను. తెలిసిన మనిషికి చేసిన అన్యాయం ఐదేళ్లు భరించాను. తెలియని పిల్ల ఎనిమిది నెలల శ్రమ వృథా కావడం భరించలేకపోయాను. మనిషి ఇలా ఎందుకుంటాడో నాకు తెలియదు.

నాకు మెమో ఇచ్చారు. అది న్యాయం. నా అంకెల్లోంచి పన్నెండు గామాల తప్పు తీసేసి, యేసురత్నం అంకెలను తిరిగి పట్టికలో చేర్చారు. అతని ఉద్యోగం మాత్రం తిరిగి ఇవ్వలేదు. వయసు దాటిపోయిందన్నారు.

రేణిగుంటలో

ఆ డిసెంబరు నెలాఖరున మళ్లీ ఒక సెకను కలుపుతున్నట్టు సమాచారం వచ్చింది. ఏడేళ్ల తర్వాత మొదటిసారి. కేంద్రంలో మూలపడి ఉన్న పాత రేడియోను అడిగి తీసుకుని, 2006 జనవరి ఒకటి చీకటితోనే రేణిగుంట చేరాను. యేసురత్నం ఒక గోడౌను గేటు దగ్గర లారీలు వచ్చే పోయే టైము రాసే పనిలో ఉన్నాడని విన్నాను. గోడౌను వెనక రెండు గదుల ఇల్లు. చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా. జుట్టూ తెల్లబడింది. వాళ్లావిడ వాకిట్లో ముగ్గు వేస్తోంది. నన్ను చూసి ఆగిపోయింది.

వాకిట్లోనే నిలబడి అంతా చెప్పాను. ఉంగరం, మొలతాడు, స్తంభం గురించి రాసిన అబద్ధం. అతను గడప మీద నిలబడి విన్నాడు.

"ఆ పొద్దు మీరు మొల కాడ చెయ్యి పెట్టుకుంటిరి," అన్నాడు చివరికి. "చూసినా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదప్పా?"

"ఎవరికి చెప్పాల సార్? ఎమ్మెస్సీ చదివినాయన్ని గుడ్డలిప్పమని మేస్త్రీ చెప్తే ఎవరింటారు? ఆడ చెప్పాల్సినోళ్లు ఒక్కరే ఉండారు. ఆయన చెప్తాడని చూస్తి. నెల చూస్తి, సంవత్సరం చూస్తి." గొంతు పెంచలేదు. "నా కండ్లు పోయినాయని రాసిరి. అది విని మా అల్లుడు నాకు బండి గూడా ఇయ్యడు ఇప్పటికీ."

నేను సవరించిన పట్టిక కాగితాన్ని ఇచ్చాను. వీధిదీపం వెలుగులో, అద్దాలు లేకుండా, ఆ చీమతలకాయంత అంకెలను వేలితో జరుపుతూ చదివాడు. ఒక చోట ఆగాడు. "ఇది బేస్తవారం. ఆ పొద్దు వాన. గుర్తుండాది." మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత నన్ను తలనుంచి కాళ్లదాకా చూశాడు.

"చొక్కా ఎత్తండి సార్."

వాళ్లావిడ "ఏమయ్యా!" అంది. అతను అటు చూడలేదు. నేను సంచి కింద పెట్టి, చొక్కా, బనియను రెండు చేతులా పైకెత్తాను. జనవరి చలి కడుపుకు తగిలింది. అతను గడప దిగి వచ్చి, నా మొలతాడును వేలితో పట్టి చుట్టూ తిప్పి చూశాడు. ఎదురింటి వాళ్లెవరో తలుపు తీసి చూస్తున్నారు. అతను తొందరపడలేదు.

"సరే," అన్నాడు. "రాండి. టైమవతాంది."

అరుగు మీద రేడియో పెట్టాను. గరగర మధ్య టిక్కులు దొరికాయి. ఇద్దరం వంగి విన్నాం. యేసురత్నం పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. యాభై ఎనిమిది. యాభై తొమ్మిది. ఆ తర్వాత, ఉండకూడని చోట, ఇంకొకటి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను వాచీ పక్కనున్న కీ లాగి, ముల్లును ఒక్క టిక్కు ఆపి, మళ్లీ నొక్కాడు.

"ఇది ఉంచుకో రత్నం," అన్నాను రేడియో చూపిస్తూ. "నీ కోసమే తెచ్చినాను."

"వద్దు సార్. నాకు టైము ఎప్పుడూ తప్పలే." లేచి చొక్కా సర్దుకున్నాడు. "ఆరింటికి డ్యూటీ. పోయిరాండి."

గేటు దగ్గర అప్పటికే ఒక లారీ హారను కొడుతోంది. అతను వెనక్కి చూడకుండా వెళ్లాడు. నేను రేడియోను సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను. ఆపడం మరిచిపోయాను. చిత్తూరు బస్సు కదిలేదాకా ఒళ్లోని సంచిలోంచి సెకన్లు వినబడుతూనే ఉన్నాయి. పక్క సీట్లో ఎవరూ లేరు.